మీటింగు బందు చెయ్యని వదినె

పోయిన వారం మా కంపెనీవాళ్లు నాతోని ఒక పరీక్ష రాయించిండ్రు. ఇంట్ల కూసొనే రాయచ్చు, కంప్యూటర్ ముందట. మొదటి ప్రశ్న కంటె ముందుగాల తెర మీద ఒక మాట పడ్డది: 'మీరున్న గదిలో ఇంకెవరైనా ఉన్నారా?'

నాకు నవ్వు ఆగలేదు. వంటింట్లకెళ్లి మా ఇంటామె, "ఏందయ్యా, పరీక్ష రాస్తున్నవా, గోడకు కథ జెప్తున్నవా?" అన్నది. నేను తెర మీది మాట సదివి వినిపించిన. ఆమె గంటె పట్టుకొని అట్లనే అర్రలకు వచ్చింది, తెర దిక్కు చూసింది, నవ్వబోయి కండ్లు ఒత్తుకున్నది. ఇద్దరికి ఒక్క మనిషే యాదికొచ్చింది. మొన్నటి వానకాలంల దగ్గుతోని పోయిన మా వదినె.

నేను చెప్పేదాంట్ల అబద్ధాలుంటయని కోరుట్లల ఎవరినడిగినా చెప్తరు. అందుకే ముందే అంటున్న: ఈమె సంగతి చెప్పేటప్పుడు కలిపే అవసరం నాకు పడలేదు. నమ్మరేమోనని అక్కడక్కడ తగ్గించిన.

చుట్టం కాదు. మాది కల్లుగీత పని చేసిన ఇల్లు, వాళ్లది వ్యవసాయం. గల్లీ ఒక్కటే. ఆమె పెనిమిటిని నేను అన్నా అంటుంటి, కాబట్టి ఆమె వదినె. ఆ అన్న మస్కట్‌ పోయి, జీతమియ్యని కంపెనీని ఇడిసిపెట్టి, బయట దాక్కొని పని చేస్తుండె. గట్లాంటోళ్లను ఖల్లివెల్లి అంటరు. కాయితాలుండయి, రానీకి లేదు. యాడాదికోసారి 'ఇగ వస్త' అని ఫోను చేస్తుండె. వదినె 'రా మరి' అంటుండె. గంతే. ఏడ్చుడు నేనైతే సూడలేదు.

అరుగు మీద ఎడమ మోకాలు లేపి, ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చేసుకుంట కూసుంటుండె. చాటల ఒక దిక్కు కత్తిరించిన తునికాకు, ఒక దిక్కు తంబాకు. చూపు చేతుల మీద ఉండకపోతుండె, గల్లీల పోయేటోళ్ల మీద ఉంటుండె. చేతులు వాటి పని అవి చేసుకుంటుండె. ఎవరన్నా నమ్మరాని మాట అంటే, అరచెయ్యి మూతి కాడికి తెచ్చి, దాని మీది తంబాకు దుమ్ము 'ఫూ' అని ఊదుతుండె. ఇగ ఆ మాట పోయినట్టే. నా మాటల మీద ఆమె ఊదిన తంబాకు జమ చేస్తే మెట్‌పల్లిల ఒక దుకాణం పెట్టచ్చు.

ఇంకొకటి ఉండె ఆమెకు. "ఎవలన్నరు?"

గల్ఫోని పెండ్లాం ఊకె గడప దాటద్దు అంటే, "ఎవలన్నరు? పేరు జెప్పు, పోయి అడిగొస్త." నలభై దాటినంక సదువు ఎక్కది అంటే, "ఎవలన్నరు?" ఒకసారి మా ఇంటామె నోరు జారి, "అందరంటున్నరక్కా" అన్నది. వదినె చేతులు ఆపింది. "అందరనేటోని ఇల్లు యాడుంది? ఏ గల్లీ?" అన్నది. మా ఇంటామెకు అడ్రసు దొరకలేదు.

ఇగ నా సంగతి. షార్జాల స్లాబు పని చేస్తు చేస్తు పడి, నడుము ఇరగ్గొట్టుకొని ఇంటికొచ్చిన. బరువు లేపద్దన్నరు, వంగద్దన్నరు. నోరు మాత్రం మంచిగుండె. మా ఇంటామె, ఇంకో నలుగురాడోళ్లు, వదినె – వీళ్లు అరుగు మీద బీడీలు చేస్తుంటే నేను ఒక మూలకు కూసొని కథలు చెప్తుంటి. చాయ పోసేటోళ్లు. అదే నా కూలి.

ఒంటె కథ వాళ్లకు బగ్గ ఇష్టం. షార్జాల నాకు ఒంటెల కాడ పని పడ్డదని (నిజానికి నేను ఒంటెను సూసింది బస్సు కిటికీలకెళ్లి), ఒక ఒంటె ఎవలు కొట్టినా లేవకపోతే, దాన్ని చిన్నప్పటిసంది సాదినోడు మన దిక్కు రుద్రంగి మనిషని తెలుసుకున్ననని, దాని చెవుల తెలుగుల 'లేవే నా తల్లీ, పొద్దెక్కింది' అంటే చటుక్కున లేచి నిలవడ్డదని, అప్పటిసంది మనోళ్లు కనవడితే చాలు అది కన్నీళ్లు పెడుతుండెనని చెప్తుంటి. వదినె ప్రతిసారీ 'ఫూ' అనేది. ప్రతిసారీ మల్ల చెప్పమనేది.

ఆ అరుగుకు ఒక రివాజు ఉండె. తన వంతు అయిపోయినామె లేచి పోయేది లేదు. అడగకుండనే పక్కామె చాటలకెళ్లి పిడికెడు ఆకు తీసుకొని చుట్టుడు మొదలువెడుతుండె. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లకు బాగలేకున్నా వాళ్ల బీడీలు తక్కిన చేతులు చేసిపెట్టేటియి. కార్ఖాన కాడ కట్టలు చూసి పనికిరానివి ఏరి పడేసే చాటన్ కూడ ఎవరి కట్ట ఎవరి చేతులు చుట్టినయో పట్టలేకపోయేటోడు. అన్ని ఒక్కతీరుగుండేటియి.

కరోనా వచ్చింది, ఆకు బందైంది. వదినె ఇంటి మీది అర్రల ఒక పిల్ల కిరాయికుండె. పెగడపల్లి దిక్కు పిల్ల. హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ పని, అప్పుడు ఇంటికాడికెళ్లే చేస్తుండె. వంట రాదు. వదినె రోజు గిన్నెల అన్నం పట్టుకపోయి, ఆ పిల్ల తినేదాక తెర దిక్కు చూసుకుంట నిలవడేది. ఒకనాడు అడిగింది, "గిది నాకు నేర్పుతవా బిడ్డా?"

"అక్కా, నువ్వెంతవరకు చదివినవు?"

"పది పాసైన. ఇంటర్ల పెండ్లయింది."

ఆ పిల్ల మంచిది. ఎందుకని అడగలేదు. పొద్దున గంట, మాపటికి గంట నేర్పింది. ఒకలు చేసిన యాప్‌ను ఊరందరికీ ఇయ్యకముందు వాడి చూసి, యాడ ఆగిపోతుందో యాడ తప్పు చెప్తుందో పట్టుడు – టెస్టింగు. దాని తర్వాత ఆ చూసే పనిని కంప్యూటరే చేసుకునేటట్టు కోడ్ రాసుడు. ఆకు మల్ల వచ్చినంక గూడ వదినె సదువు ఆగలేదు. ఆమె వంతు బీడీలు మిగిలినోళ్లు చుట్టిండ్రు.

ఆకు ఇచ్చి బీడీలు తీసుకపోయే టేకేదారుకు ఎవలో చెవిల ఊదిండ్రు. ఇంటి ముందట బండాపి, "ఏమమ్మా, నువ్వు బీడీలు చేస్తలేవంట, కంప్యూటర్ నేరుస్తున్నవంట. మరి నీకు బీడీ కార్డెందుకు? పీఎఫ్ ఎందుకు?" అన్నడు.

"ఎవలన్నరు?"

"గల్లంత అంటుంది."

"నా కట్టలల్ల ఒక్క బీడీ తీసేసిండా మీ చాటన్? తీసేస్తే చూపియ్యి." ఆయన బండి మలుపుకొని పోయిండు. పోయేటప్పుడు 'మొగడు మస్కట్ల, పెండ్లాం కంప్యూటర్ల' అని గొణిగిండు. వదినె అరచెయ్యి ఊది, లోపటికి పోయి, పై అర్ర పిల్ల ఇచ్చిన పాత లాప్‌టాప్ తెరిచింది. చాట బోర్లేసి దాని మీద పెట్టి, ఎడమ మోకాలు లేపి కూసున్నది.

పై అర్ర పిల్ల మాట సాయంతోని ఆమెకు ఒక కంపెనీల కాంట్రాక్టు పని దొరికింది, ఇంటికాడికెళ్లే. దొరికిన మొదటి వారమే అరుగు మీదికొచ్చి, "ఇగ మీరు" అన్నది.

"మేమా?" అన్నది మా ఇంటామె.

"మీరే. నా బీడీలు చుట్టింది మీరు గాదా. మర్దీ, నువ్వు గూడ."

"నాకు నడుము లేదు వదినె."

"కూసునే పనికి నడుమెందుకు? నీ నోరు ఒక్కటే పని చేస్తుంది, చేతులు ఊకెనే ఉన్నయ్. దా."

"అబద్ధాలు తప్ప నాకు ఏం రాదు గద."

"గదే కావాలె," అన్నది. నేను పరాచికమనుకున్న. కాదు. ఒక దవాఖాన యాప్ తెరిచి నా ముందట పెట్టింది. "దీనికి అబద్ధం జెప్పు. నమ్ముతదో లేదో చూద్దాం." నేను నా వయసు రెండు వందలు అని కొట్టిన. తీసుకున్నది. పుట్టింది వచ్చే ఏడాది అని కొట్టిన. తీసుకున్నది. కడుపుతోని ఉన్ననని కొట్టిన, నెలలు గూడ అడిగింది. వదినె చప్పట్లు కొట్టి, "రాసుకో, ఇవన్నీ తప్పులే, అన్నీ మనకు పనే" అన్నది. అంతకుముందు నా అబద్ధాన్ని ఎవలూ రాసుకొమ్మనలేదు. ఆ రోజు నా ఛాతి ఇంత వెడల్పయింది, అంగి గుండీ తెగింది. (గుండీ సంగతి నిజం, పాత అంగి.)

ఉన్న లాప్‌టాప్ ఒక్కటే, మేము ఆరుగురం. ఒకలు కొడుతుంటే అయిదుగురు చెప్పుడు. కొంచెం సేపైనంక జరుగుడు, ఇంకొకలు కూసునుడు. తప్పు వస్తే 'ఎవరిది' అని వదినె ఎన్నడూ అడగలేదు. 'యాడ' అని అడిగేది. చలికాలం పోయింది, ఎండకాలం పోయింది. మేము ఆరుగురం కలిసి ఒక్క మనిషిలెక్క నేర్చుకున్నం. గదే తర్వాత మెడకు సుట్టుకున్నది.

వదినె కంపెనీల కొత్తోళ్లను తీసుకుంటున్నరని తెలిసి, ఆమె మా ఆరుగురి పేర్లిచ్చింది. ఇంటికాడికెళ్లే పరీక్ష. ఎవరి మిషను వాళ్లకుండాలె. అడిగి తెచ్చుకున్నం. సిరిసిల్లల మా బామ్మర్ది బట్ట నేసే సాంచలు బందైనంక భీవండి పోయిండు. వాళ్లింట్ల ఊకెనే ఉన్న లాప్‌టాప్‌ను నేను బస్సుల ఒళ్లె పెట్టుకొని తెచ్చిన, పసిపిల్లను తెచ్చినట్టు. పరీక్షనాడు వదినె లేదు. దగ్గు ఎక్కువైతే జగిత్యాల దవాఖానకు పోయింది. మేము ఆరుగురం ఎప్పటిలెక్కనే అరుగు మీద గుండ్రంగ కూసున్నం.

తెర అడిగింది: గదిలో ఇంకెవరైనా ఉన్నారా?

మా ఇంటామె మురిసిపోయింది. "చూడు, ఆడామె ఒక్కతే ఉంటే భయమైతదేమోనని ఎంత మంచిగ అడుగుతున్నరో." 'ఉన్నరు' అని కొట్టింది. అందరం 'ఉన్నరు' అనే కొట్టినం. అడిగినోళ్లకు బుగులు పెట్టద్దని. ఇగ రాసుడు మొదలువెట్టినం. అయిపోయినామె పక్కామెకు చెయ్యి సాయం చేసుడు, చెప్పుడు, జరుగుడు. మాకు పనంటే గదే. ఆఖరు ప్రశ్న: మీకు ఎదురైన ఒక కష్టాన్ని ఎట్ల దాటిండ్రో రాయుండ్రి. అందరు ఒక్క గడియ ఆగిండ్రు. రుద్రంగి నుంచి వచ్చిన ఒకింటి చిన్నకోడలు ఉండె మా ఆరుగురిల, ఆమె ఒక్కసారి నవ్వి కొట్టుడు మొదలువెట్టింది. తక్కినోళ్లు ఆ తెర దిక్కు చూసి నవ్విండ్రు. వాళ్లూ కొట్టిండ్రు.

ఆరుగురం ఒంటె కథ రాసినం.

రెండొద్దులకు జవాబొచ్చింది. ఆరుగురి జవాబులు ఒక్కతీరుగున్నయి, తప్పులు గూడ ఒక్కతీరుగున్నయి, నకలు కొట్టిండ్రు, ఇంకెన్నడు తీసుకోం. అప్పటికి దవాఖానకెళ్లి వచ్చిన వదినెను మీటింగుకు పిలిచిండ్రు, ఒక్కతే రావాలన్నరు. ఆమె అరుగు మీదనే లాప్‌టాప్ తెరిచింది. మేము ఎనుక నిలవడ్డం, ఎవలం కదలలేదు.

తెర మీది సారు మర్యాదస్తుడు. "మేడమ్, మీరు పంపిన ఐదుగురు ఆడవాళ్లూ షార్జాలో ఒంటెలు కాశారా?"

"లేదు సారూ. ఒంటెనే లేదు. అది మా మర్ది కథ."

"మరి అందరూ అదే ఎందుకు రాశారు?"

వదినె ఎనుకకు తిరిగి మమ్ముల చూసింది. మల్ల ముందటికి తిరిగింది. "కష్టం రాయమన్నరట గద. వాళ్లకొచ్చిన కష్టాలు మీకు జెప్పబుద్ధి కాలేదు. నవ్వొచ్చేది రాసిండ్రు."

సారు తన ముందటున్న ఆరు జవాబులు ఇంకోసారి చూసిండు. "సరే. ఎవరో ఒకరు రాస్తే మిగతావాళ్లు చూసి రాశారు. ఆ ఒక్కరెవరో చెప్పండి, తీసుకుంటాం. మిగతావాళ్లకు కుదరదు."

"ఒక్కలు లేరు."

"ఉంటారు మేడమ్. మీరు చెప్పకపోతే మీ కాంట్రాక్టు గురించి కూడా ఆలోచించాల్సి వస్తుంది."

మా ఇంటామె వదినె భుజం పట్టుకొని, "నేనే చూసి రాసిన అని జెప్పక్కా. నా పేరు తీసెయ్యి" అన్నది. వదినె ఆ చెయ్యిని తీసి పక్కకు పెట్టింది. "కూసో."

"సారూ, ఒక్కొక్కలు వేరుగ రాయాల్నని నేను వీళ్లకు జెప్పలేదు. అది నాదే తప్పు. మల్ల పెట్టుండ్రి పరీక్ష. మీ ఆఫీసులనే పెట్టుండ్రి. ఒక్కొక్కలను ఒక్కో అర్రల తోలి తలుపు పెట్టుండ్రి. గని ఆరుగురికి పెట్టుండ్రి."

"రూల్స్ ఒప్పుకోవు."

"ఎవలన్నరు?"

సారు బిత్తరపోయిండు. "అంటే... పాలసీ ఉంటుంది కదా."

"రాసినాయన పేరు జెప్పుండ్రి. ఆయనతోని మాట్లాడుత."

"మేడమ్, నేను మీటింగ్ ముగిస్తున్నా."

"మీరు పోండ్రి. నేనుంట."

సారు పోయిండు. వదినె పోలేదు. మీటింగు బందు చెయ్యకుండ, కెమెరా ఎదురుంగ చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుట్టుడు మొదలువెట్టింది. ఆ కంపెనీల అన్ని మీటింగులకు ఒక్కటే లింకట. మాపటి మీటింగుకు వచ్చినోళ్లకు వదినె కనవడ్డది. తీసేసిండ్రు, మల్ల వచ్చింది. తెల్లారి పొద్దుగాల వచ్చినోళ్లకు కనవడ్డది. 'ఎవరు మేడమ్ మీరు' అంటే, 'మీ మనిషినే, సారుకోసం సూస్తున్న' అనేది. అమెరికా కస్టమరు ఒకాయన వచ్చి, ఆమె చుట్టుడు చూసుకుంట గంటసేపు తన మాట మరిచిపోయిండని, చివరికి ఆయనకు గూడ చుట్టబుద్ధయిందని నేను గల్లీల చెప్తుంటి. వదినె దానికి 'ఫూ' అన్నది. కంపెనీవాళ్లు మాత్రం ఇప్పటికీ అది నిజమే అంటరు, నేనేం చెయ్యాలె?

మూడోనాడు సారు ఫోను చేసిండు. "రండి మేడమ్. ఆరుగురూ రండి. దయచేసి ఆ మీటింగ్‌లోంచి లేవండి."

హైదరాబాద్‌ల ఆఫీసు మొత్తం అద్దాలు. ఒక్కొక్కలను ఒక్కో అర్రల కూసోవెట్టిండ్రు. నాది పర్వాలేదు, షార్జాల ఒక్కనిగ బతికినోన్ని. మా ఇంటామె సంగతే నాకు భయం. పుట్టినకాడ ఆరుగురు అక్కచెల్లెండ్లు, మెట్టినకాడ ఉమ్మడి ఇల్లు, దాని తర్వాత అరుగు. అర్రల తలుపు పెట్టుకొని ఒక్కతే కూసునుడు అంటే ఏందో ఎరుగదు. తర్వాత చెప్పింది నాకు: తలుపు పడంగనే తెర మీది అక్షరాలు కలిసిపోయినయట, లేచి తలుపు దాక పోయిందట. ఇగ తెరిచి బయటికి వద్దామనుకునేవరకు, నడవల దగ్గు ఇనవడ్డదట.

వదినె దగ్గు. ఎక్కడున్నా గుర్తువట్టచ్చు దాన్ని. ఆమె నడవల అటు కొసకెళ్లి ఇటు కొసకు తిరుగుతుండె. సెక్యూరిటాయన కిందికి పొమ్మన్నడు. "పోత బిడ్డా, దగ్గు ఆగనీ" అన్నదట. ఆగలేదు. ప్రతి తలుపు కాడ ఒక్కసారి ఎక్కువ దగ్గింది. ఒక్క మాట చెప్పలేదు, ఒక్క జవాబు అందియ్యలేదు. మా ఇంటామె తలుపు కాడికెళ్లి మర్లి వచ్చి కూసొని రాసింది.

మాపటికి సారు కాయితం పట్టుకొని కిందికొచ్చిండు. నలుగురు పాస్. మా ఇంటామె అందరికంటె మీద. ఫెయిలయింది చిన్నకోడలు, నేను. సారు వదినె ఎదురుంగ నిలవడి, మనస్ఫూర్తిగనే, "మేడమ్, ఒప్పుకుంటున్నా. నలుగురినీ సోమవారం నుంచి తీసుకుంటాం. మీ కాంట్రాక్టు కూడా అట్లాగే ఉంటుంది" అన్నడు.

ఆడోళ్లు ఒకల చేతులు ఒకలు పట్టుకున్నరు. చిన్నకోడలు నేల చూసింది. నేను పోయి ఆమె పక్కన నిలవడ్డ.

"మంచిది సారూ," అన్నది వదినె. "మరి ఈ ఇద్దరికి మల్ల ఎప్పుడు?"

"వాళ్లు పాసవలేదు మేడమ్."

"అవ్వలేదు. తీసుకొమ్మని నేను అంటలేను. మల్ల పరీక్ష ఎప్పుడు అంటున్న."

"చూద్దాం. వచ్చే ఏడాది ఏమన్నా..."

"తారీఖు జెప్పుండ్రి."

"ఇప్పుడెట్లా చెప్తాం మేడమ్? బస్సుకు లేటవుతుంది మీకు."

వదినె చుట్టూ చూసింది. గోడకు ఆనించి ఒక తెల్లటి సోఫా ఉండె, దాని మీద ఎవలూ కూసున్నట్టు లేదు. పోయి కూసున్నది. చెప్పులు ఇడిసి, ఎడమ మోకాలు మీదికి లేపింది. చేతిసంచి పక్కన సర్దుకున్నది. ముందట బల్ల కాడున్న పిల్లతోని, "బిడ్డా, ఇక్కడ మంచినీళ్లు యాడుంటయి?" అన్నది.

ఆ పిల్ల సారు దిక్కు చూసింది. సారు సెక్యూరిటాయన దిక్కు చూసిండు. సెక్యూరిటాయన, పొద్దటిసంది ఆమెతోని మాట్లాడినోడు కాబట్టి, పైకప్పు దిక్కు చూసిండు. నేను పోయి వదినె పక్కన కూసున్న. చిన్నకోడలు గూడ వచ్చి కూసున్నది. పాసైన నలుగురు సోఫా పట్టకపోతే నేల మీద కూసున్నరు.

సారు జేబులకెళ్లి ఫోను తీసి తారీఖులు చూడవట్టిండు.